చల్లదనపు మర: మెకానిక్కును పిలువవలసిన వేళ

మాఘ ఫాల్గుణములు వచ్చినవని తెలిసికొనుటకు మా ఎనుమాములలో పంచాంగము చూడ నక్కరలేదు. గాలియే చెప్పును. మార్కెట్టు యార్డునకు తేజ, చపాటా మిరపకాయల బస్తాలు నింపుకొని బండ్లు బారులు తీరును. ఆ ఘాటు వీథివీథికిని పాకి పసివారికి తుమ్ములు, ముసలివారికి దగ్గు తెప్పించును. అంతకు ముందు పత్తి దిగు కాలమున దూది నూగు గాలిలో తేలుచు వచ్చి తలుపు సందులలోను, దోమతెరల మీదను పేరుకొనును. ఘాటునకు మనము కొంగు అడ్డము పెట్టుకొందుము. నూగును చీపురుతో ఊడ్చుదుము. కాని గోడకు తగిలించిన ఏ.సీ. మాత్రము ఆ గాలినే రాత్రింబవళ్లు పీల్చుచుండును. దానికి తుమ్ము రాదు, దగ్గు రాదు. చైత్రము ప్రవేశించి ఎండ నలువది డిగ్రీలు దాటిన పిదప ఒకనాటి రాత్రి అది చల్లని గాలికి బదులు ఉత్త గాలి విసరుట మొదలుపెట్టును. అప్పుడు మనము మేల్కొందుము.

మొన్న మా పక్కయింటి వదినె గోడమీదుగా పిలిచి, "వదినా, మా ఏ.సీ. చల్లగైతలేదు. గ్యాసు అయిపోయిందట, పిలగాడు వచ్చి నింపి పోతడట" అన్నది. ఆ పిల్లవాడు యంత్రమును చూడనైన లేదు. ఫోనులోనే నిర్ణయించినాడు. వదినె యింట మనుమరాలు పురిటికి వచ్చి యున్నది; ఇరువది దినముల పసిబిడ్డ. ఫ్రిజ్జులో అత్తగారి ఇన్సులిను బుడ్లు. చల్లదనము ఆ యింట విలాసము కాదు. ఆమె తొందర మాకర్థమైనది. అయినను "గ్యాసు అయిపోయినది" అను మాట వినగానే మాకు మా పాత బుద్ధితక్కువతనము జ్ఞప్తికి వచ్చినది. ఈ నెల పుటలను ఆ విషయమునకే వినియోగించుచున్నాము.

సోదరీమణులారా, మన యిండ్లలోని ఫ్రిజ్జు గాని ఏ.సీ. గాని చల్లదనమును పుట్టించు యంత్రము కాదు. వేడిని ఒకచోట నుండి తోడి మరియొకచోట పారబోయు యంత్రము. బావిలోని నీటిని చేద తోడినట్లు గదిలోని వేడిని ఇది తోడి బయట పోయును. అందుచేతనే చలిదేశములవారు దీనిని హీట్ పంపు, అనగా వేడిని తోడు పంపు, అని పిలుచుచున్నారు. అక్కడ అదే యంత్రమును వెనుకకు త్రిప్పి, బయటి చలిగాలిలో మిగిలియున్న కొద్దిపాటి వేడిని సైతము తోడి ఇంటిలోనికి తెచ్చుకొందురు. ఇట్లు చేయవచ్చునని 1852లోనే కెల్విన్ ప్రభువు సూచించి యుండెను. ఒక యూనిట్టు కరెంటును ఖర్చుపెట్టి మూడు యూనిట్ల వేడిని, మంచి యంత్రమైనచో అంతకు మించియు, జరుపగలుగుట దీని గొప్పతనము. మన వైపున వసతిగృహములలోను, హోటళ్లలోను వేన్నీళ్లకు సైతము ఈ పంపులు వచ్చినవి.

తోడుటకు చేద యేది? అదే గ్యాసు. కుండలోని నీరు చెమరించి ఆరిపోవునప్పుడు కుండ చల్లబడునని మన అమ్మమ్మ లెరుగుదురు. ఆవిరి యగునది తన చుట్టునున్న వేడిని లాగుకొనును. యంత్రములోని ద్రవమును అట్లే గదిలోని గొట్టములందు ఆవిరి కానిత్తురు. అది గదివేడిని త్రాగును. ఆ ఆవిరిని బయటి పెట్టెలోని కంప్రెసరు గట్టిగా నొక్కును. నొక్కగా అది కాగిపోవును. ఫ్యాను గాలికి ఆ వేడిని వదలి మరల ద్రవమగును. మరల లోపలికి వచ్చును. కుండనీరు ఆరి గాలిలో కలిసిపోవును గాని, ఈ గ్యాసు మూసిన గొట్టములలోనే తిరుగుచుండుటచే ఎక్కడికిని పోదు.

ఇక్కడ ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. వంటగ్యాసు మండి అయిపోవును. స్కూటరులోని పెట్రోలు అయిపోవును. కాని ఏ.సీ. గ్యాసు ఖర్చగు వస్తువు కాదు. అంతయు సరిగానున్నచో కొన్ననాడు పోసిన గ్యాసే యంత్రము చచ్చువరకు ఉండవలెను. తగ్గినదన్న ఎక్కడనో కారినదన్నమాట. కుండకు చిల్లి పడినప్పుడు చిల్లి మూయక నీరు పోయుచుండువానిని మన మేమందుము?

మేము సరిగా ఆ పనియే చేసితిమి. కొన్ని వేసవుల క్రిందట మా ఏ.సీ. చల్లదనము తగ్గినది. ఒక యువకుడు వచ్చి, పెట్టె మూత తీసి, ఒక గొట్టము తగిలించి, పావుగంటలో గ్యాసు నింపి 2,500 రూపాయలు తీసికొని పోయెను. గది మంచుకొండ వలె చల్లబడినది. అతనికి మజ్జిగ ఇచ్చి పంపితిమి కూడ. నలువది దినములకు మరల మొదటి కథ. అదే యువకుడు, అదే పావుగంట, అదే 2,500. శ్రావణములో మూడవసారి. ఏడువేల ఐదువందలు పోయిన పిమ్మట గాని మాకు సందేహము కలుగలేదు. నాలుగవ పర్యాయము వేరొక పెద్దమనిషిని పిలిచితిమి. ఆయన వచ్చి మొట్టమొదట అడిగినది గ్యాసు గాదు, గిన్నెలో సబ్బునీరు. నురుగు చేసి బయటి పెట్టెయొద్ద రాగిగొట్టము కలియుచోట నున్న ఇత్తడి నట్టుమీద పూసినాడు. రెండు నిమిషములలో అచ్చట సన్నని బుడగలు లేచినవి. గొట్టపు మొనను కోసి, మరల వెడల్పుచేసి, నట్టు బిగించి, ఆపైన గ్యాసు పోసినాడు. ఆనాటినుండి నేటివరకు మరల గ్యాసు మాట రాలేదు. ఆ యువకుని పైన మాకిప్పుడు కోపము లేదు. ఎక్కడ కారుచున్నదో చూచినావా యని మేమడిగి యుండినచో అతడు చూచెడివాడేమో. మేమడుగలేదు.

కనుక ముందుగా మనమే చూడగలిగినవి చూచి, మనచేత కానివాటికి మాత్రము ఆలస్యము చేయక మెకానిక్కును పిలువవలెను. ఈ రెంటి నడుమ గీత ఎక్కడనో తెలియకనే మనము నష్టపోవుచున్నాము. కొందరు ప్రతి చిన్నదానికి ఫోను చేయుదురు. మరికొందరు మసి వాసన వచ్చుచున్నను వేసవి గడువనిమ్మని ఊరకుందురు. రెండవవారిని గూర్చియే మాకెక్కువ భయము.

మొదట ఫిల్టరు. ముందరి మూత ఎత్తగానే వలవంటి పలక చేతికి వచ్చును. దానిని కుళాయిక్రింద కడిగి నీడన ఆరవేయవలెను. ఇతర ఊళ్లవారికి నెలకొకసారి చాలునేమో గాని, మా ఎనుమాముల వాసులకు మిర్చి కాలమున వారమునకొకసారి కావలెను. మిర్చి దుమ్ము పట్టిన ఫిల్టరును కడుగునప్పుడు ముఖమునకు గుడ్డ కట్టుకొనుడు, చేతులు కండ్లకు తగులనీయకుడు. ఒకమారు మరచిన మేము సాయంకాలము వరకు ఏడ్చితిమి. తరువాత రిమోటు చూడుడు. పిల్లలు బొత్తాములు నొక్కి ఫ్యాను మీదనో, డ్రై అను దాని మీదనో ఉంచి పోవుదురు. మంచు బొమ్మ కనబడునట్లు పెట్టి, 24 డిగ్రీలు చేసి పావుగంట వేచియుండుడు. మన దేశమున 2020 జనవరి నుండి వచ్చుచున్న స్టార్ గుర్తు ఏ.సీ.లు మొదట 24 దగ్గరనే ప్రారంభమగునట్లు అమర్చబడినవి. బయట నలువది నాలుగు డిగ్రీల ఎండలో, పైకప్పు స్లాబు కాగుచున్న గదిని 18కి తెమ్మన్నచో ఏ యంత్రమును తేలేదు. అది రోగము కాదు.

కరెంటును గూడ చూడవలెను. ఇంటికి 230 వోల్టులు రావలసినచోట వేసవి సాయంకాలములందు వీథియంతయు ఏ.సీ.లు వేయగా అది క్రిందికి దిగును. స్టెబిలైజరు ముఖమున అంకె కనబడును. 180 దరికి దిగినచో కంప్రెసరు లేవలేక మూలుగును. ఆ సమయమున దానిని బలవంతపెట్టక ఆపివేయుటయే మేలు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట మూడు నిమిషముల వరకు చల్లగాలి రాకుండుట కూడ లోపము కాదు. కంప్రెసరు తన ఊపిరి తాను తీసికొనుటకు అట్లు ఏర్పాటు చేసినారు. యంత్రమాగినప్పుడు బుస్సుమనుట, ప్లాస్టికు పెట్టె చిటపటమనుట, ఫ్రిజ్జు ప్రక్కలు చేతికి వేడిగా తగులుట, ఇవియు సహజములే. ఫ్రిజ్జు తోడిన వేడి ఆ ప్రక్కల నుండియే పోవుచుండును.

ఇవన్నియు చూచినపిదప ఒక పరీక్ష కలదు. పది మందిలో తొమ్మిదిమందికి తెలియనిది, ఖర్చు లేనిది. గదిగాలిని కొలుచు చిన్న థర్మామీటరు మందుల దుకాణములలోను, ఎలక్ట్రికల్ దుకాణములలోను దొరకును. ఏ.సీ. పావుగంట నడచిన తరువాత దానిని మొదట యంత్రము గాలి పీల్చుకొను పైభాగమున కొంచెముసేపు, పిదప గాలి విసరు క్రిందినోటియొద్ద కొంచెముసేపు ఉంచి అంకెలు వ్రాసికొనుడు. రెంటికి నడుమ ఎనిమిది మొదలు పన్నెండు డిగ్రీల వరకు భేదమున్నచో లోపలి యంత్రము తన పని తాను చేయుచున్నట్లే. వానకాలపు చెమ్మలో కొంచెము తగ్గవచ్చును. గది చల్లబడకుండుటకు అప్పుడు కిటికీనో, పరదానో, పైకప్పునో నిందింపవలెను. భేదము నాలుగైదు డిగ్రీలకు దిగినదా, ఫిల్టరు కడిగినను అట్లే యున్నదా, మెకానిక్కును పిలువవలసినదే. మెకానిక్కుతో "చల్లగైతలేదు" అని మాత్రము చెప్పు స్త్రీకిని, "నాలుగే డిగ్రీల తేడా వచ్చుచున్నది, ఫిల్టరు కడిగితిని, కరెంటు 225 ఉన్నది" అని చెప్పు స్త్రీకిని అతని యొద్ద కలుగు మర్యాద వేరు.

మంచు పట్టుటను గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను. ఏలయన అది చూచువారికి "ఎంత చల్లగా నున్నది!" అనిపించును. లోపలి గొట్టములమీద గాని, బయటికి పోవు రాగిగొట్టముమీద గాని తెల్లగా మంచు కట్టినదన్న అది చల్లదనము కాదు, రోగము. రెండు కారణములలో నొకటి: గాలి సరిగా ఆడకుండుట, లేదా గ్యాసు తగ్గుట. ఈ రెంటిని ఇంటివారే కొంతవరకు వేరుచేయవచ్చును. చల్లదనమును ఆపి, ఫ్యాను మాత్రము రెండుమూడు గంటలు నడుపుడు, మంచు కరగిపోవును. క్రింద గుడ్డలు పరచుట మరువకుడు. ఫిల్టరు కడిగి పెట్టి మరల నడుపుడు. మంచు రానిచో తప్పు దుమ్ముది. ఒకటి రెండు దినములలో మరల వచ్చినచో తప్పు లోపలిది. ఇక మీ చేతిలో లేదు. మంచుతోనే నడుపుచు పోయినచో ఆవిరి కావలసిన గ్యాసు ద్రవముగానే కంప్రెసరులోనికి పోయి దానిని విరుగగొట్టగలదు. వందలతో పోవునది వేలకు వచ్చుట ఇట్లే.

ఇక వెంటనే, ఆ గంటలోనే ఆపివేయవలసినవి కొన్ని. కాలిన వాసన. ప్లగ్గు గాని వైరు గాని చేయి పెట్టలేనంత వేడెక్కుట. ఎం.సీ.బీ. తనంతట తాను పడిపోవుట. ఒకసారి పడినచో ఎత్తి చూడవచ్చును, రెండవసారి పడినచో ఎత్తరాదు. అది మొండితనము కాదు, అది మిమ్ము కాపాడుచున్నది. పెట్టెను తాకినప్పుడు చేయి జివ్వుమనుట. బయటి పెట్టె హుమ్మని మూలిగి, కొన్ని క్షణములకు టక్కుమని ఆగి, మరల కొన్ని నిమిషములకు మూలుగుట. ఇది తరచుగా కెపాసిటరు అను చిన్న డబ్బా చెడుటచే కలుగును. ఆ డబ్బా చవుక, మార్చుట పది నిమిషముల పని, అందుచే కొందరు మగవారు తామే స్క్రూడ్రైవరు పట్టుకొని బయలుదేరుదురు. వారిని ఆపుడు. స్విచ్చి తీసిన తరువాత కూడ ఆ డబ్బాలో కరెంటు దాగియుండి మనిషిని విసరి కొట్టగలదు. పైగా బయటి పెట్టె సాధారణముగా రెండవ అంతస్తు సజ్జమీదనో, పిట్టగోడ ఆవలనో ఉండును. లోపలి పెట్టెనుండి నీరు గోడమీద కారుట మాత్రము అంత భయంకరము కాదు, నీరు పోవు గొట్టము నాచుతో పూడిన అట్లగును. కాని నీరు స్విచ్చిబోర్డు వైపు కారుచున్నచో అదియు ఈ జాబితాలోనికే వచ్చును.

ఫ్రిజ్జుది వేరే తీరు. ఏ.సీ. చెడినచో నిద్ర చెడును. ఫ్రిజ్జు చెడినచో మందు చెడును, అదియు కంటికి తెలియకుండ. ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల నడుమ ఉంచవలెను. గడ్డకట్టినను అది పనికిరాదు. పాలు విరిగినచో తెలియును గాని ఇన్సులిను విరిగినట్లు తెలియదు. రక్తములో చక్కెర పెరిగినప్పుడే తెలియును. కనుక ఒక గ్లాసు నీటిలో థర్మామీటరు నిలిపి రాత్రియంతయు ఫ్రిజ్జు నడిమి అరలో ఉంచి తెల్లవారి తలుపు తీయగానే చూడుడు. నాలుగైదు డిగ్రీలున్న నిశ్చింత. ఎనిమిది దాటినచో మొదట తలుపు రబ్బరును పరీక్షింపుడు: ఒక కాగితము ముక్కను తలుపున పెట్టి మూసి లాగుడు, బిగువు లేక ఊడివచ్చినచో రబ్బరు పోయినది. గిన్నెలు వెనుక గోడకు ఒత్తి చల్లగాలి దారిని మూసినవేమో చూడుడు. ఇవన్నియు బాగుండి, కంప్రెసరు ఆగకుండ తిరుగుచు, పై అరలో మంచుండి క్రిందియర వెచ్చగా నున్నచో మెకానిక్కును పిలువుడు. మందును ఆ పూటకే పొరుగింటి ఫ్రిజ్జునకు మార్చుడు. చెడిన ఫ్రిజ్జులో ఎన్నిదినములు ఉన్నదో తెలియని బుడ్డిని వాడుటకు ముందు డాక్టరు నడుగుడు.

కత్తి సంగతి చెప్పకుండ ముందునకు పోలేము. పాత ఫ్రిజ్జుల మంచుగడిలో మంచు గట్టిపడినప్పుడు అట్లకాడతోనో, కూరగాయల కత్తితోనో పొడిచి తీయుట మనలో చాలమందికి అలవాటు. ఆ గడి గోడలోనే గ్యాసు గొట్టములు కలవు. మా బంధువులలో ఒక చిన్నమ్మ ఇట్లే పొడిచినది, బుస్సుమని వినబడినది, ఫ్రిజ్జు అంతటితో సరి. ఇప్పటి ఫ్రిజ్జులలో పెక్కింటియందు ఐసోబ్యూటేను అను గ్యాసు ఉండును. వంటగ్యాసుకు దగ్గరి చుట్టము, మండు స్వభావము కలది. ఉండునది సాధారణముగా నూరు గ్రాములకు లోపే, కాని మూసిన వంటగదిలో పొయ్యి ప్రక్కనే బుస్సుమన్నప్పుడు తూకము ఆలోచింప రాదు. పొయ్యి ఆర్పి, స్విచ్చులు ముట్టక, కిటికీలు తెరచి బయటికి రావలెను.

ఫ్రిజ్జు గ్యాసునకు పెద్ద చరిత్రయే కలదు. తొలిదినములలో విషవాయువులే వాడెడివారు. ఫ్రిజ్జునుండి కారిన వాయువుచే బెర్లినులో ఒక కుటుంబము మరణించినదని పత్రికలో చదివి ఐన్‌స్టీను పండితుడు చలించి, తన మిత్రుడు సిలార్డుతో కలిసి కారుటకు వీలులేని ఫ్రిజ్జును రూపొందింప పూనెనని చెప్పుదురు. వారిరువురకు 1930లో అమెరికాయందు పేటెంటు లభించినది. తరువాత విషము లేని, మండని ఫ్రియాను గ్యాసులు వచ్చినవి. అవి ఆకాశమున ఓజోను పొరను తినివేయుచున్నవని తెలిసి 1987లో మాంట్రియలునందు దేశములు ఒడంబడిక చేసికొన్నవి. పాత ఏ.సీ.లలోని ఆర్-22 అను గ్యాసు ఆ ఒడంబడిక వలననే క్రమముగా తొలగిపోవుచున్నది. కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-32. ఇది కొంచెము మండు గుణము కలది. ఇంటిలో గ్యాసు పని జరుగుచున్నప్పుడు అగరువత్తి సైతము వెలుగరాదని మేము పట్టుబట్టుట ఇందుచేతనే.

మన మార్కెట్టు చుట్టునున్న కోల్డు స్టోరేజీలను చూడుడు. రైతులు ధరకొరకు మిర్చిని దాచు ఆ చల్లని కొట్లలో నడచునవియు ఈ యంత్రములే, ఆకారము మాత్రము ఏనుగంత. పెద్ద కొట్లలో సాధారణముగా అమ్మోనియాను వాడుదురు. అది కారినచో ముక్కు పగులునట్టి ఘాటు. అచ్చట యంత్రపు శబ్దమును వినుచు, మీటర్ల అంకెలను పుస్తకమున వ్రాయుచు మనిషి కాపుండును. మన యింటి యంత్రమునకు అట్టి కాపరి మనమే. మనమును ఒక పుస్తకము పెట్టుకొన్న తప్పేమి? మీటరు బిల్లు ఒక నెల ఊరక పెరిగినను అందు తెలియును. అదే ఎండ, అదే వాడకము, యూనిట్లు మాత్రము మూడవవంతు ఎక్కువైనచో యంత్రము ఎక్కడనో కష్టపడుచున్నది.

సముద్రములకు ఆవలనున్న మన ఆడపడుచుల కొరకు ఒక మాట. ఓరుగల్లు ఇంటింట ఒక బిడ్డ అమెరికాలో ఉన్న కాలమిది. గత పుష్యమాసమున మా మేనకోడలు ఫోనులో బొమ్మ చూపి, "అత్తమ్మా, బయట మిషన్ నుంచి పొగలొస్తున్నయి, ఫైరింజన్‌ను పిలవాల్నా?" అని వణకుచు అడిగినది. మంచు కురియుచున్నది. వారి యింటిని వేడిచేయునది హీట్ పంపే. చలిలో వేడిని తోడునప్పుడు బయటి గొట్టములమీద మంచు కట్టును. దానిని కరిగించుటకు యంత్రము కొన్ని నిమిషములు తనంతట తాను వెనుకకు తిరుగును. అప్పుడు బయటి ఫ్యాను ఆగి, తెల్లని ఆవిరి లేచును. అది పొగ కాదు. పది పదిహేను నిమిషములలో సర్దుకొనును. ఈ పంపు విసరు గాలి కొలిమి గాలివలె కాక గోరువెచ్చగా నుండుటయు సహజమే. కాని బయటి పెట్టె గంటల తరబడి మంచుగడ్డలో కూరుకొని యుండిన, లేదా అంత చలి లేని దినములలో సైతము గోడమీటరు ఎమర్జెన్సీ హీట్ అను గుర్తు చూపుచున్న, అచ్చట పంపు చచ్చి ఉత్త కరెంటు తీగలు కాగుచున్నవన్నమాట. ఇల్లు వెచ్చగానే యుండును, బిల్లు మాత్రము రెండు మూడింతలగును. ఇల్లు వెచ్చగా నున్నది గదా యని పిలువక ఊరకుండువారే అక్కడ ఎక్కువట.

మెకానిక్కు వచ్చినప్పుడు చేయవలసినది కొంచెమే, కాని సిగ్గుపడక చేయవలెను. బయటి పెట్టెమీది చీటీలో గ్యాసు పేరు, దాని తూకము అచ్చువేసి యుండును. ఆ పేరు గ్యాసునే పోయవలెను, ఒకదానిలో నొకటి కలుపరాదు. తక్కువైనదన్నచో కారుచోటు చూపుమని అడుగుడు. అది మూసిన పిదప వాక్యూమ్ పంపుతో గొట్టములలోని గాలిని, చెమ్మను లాగివేసి, గ్యాసును త్రాసుమీద తూచి పోయవలెను. త్రాసు తేని వాడు అంచనాతో పోయును. ఉప్పు అంచనాతో వేయవచ్చును గాని ఇది వేయరాదు. బిల్లుమీద ఎన్ని గ్రాములో వ్రాయించుకొనుడు. పెద్ద మరమ్మతు చెప్పినచో వారంటీ కార్డు తీసి చూడకమునుపు సరే అనకుడు. కంప్రెసరునకు పది సంవత్సరముల వరకు హామీ ఇచ్చిన కంపెనీలు కలవు. పన్నెండు పదమూడేండ్ల పాత ఆర్-22 యంత్రములో కంప్రెసరే పోయినచో దానికి ఖర్చు పెట్టుట మా మతమున దండుగ.

మా పక్కయింటి వదినె సంగతి చెప్పలేదు గదా. ఆమెచే గ్యాసు పిల్లవానికి ఆ పూట వద్దని చెప్పించితిమి. ఫిల్టరు తీయగా ఎర్రని బురద వచ్చినది. కడిగి పెట్టి థర్మామీటరుతో చూడగా ఐదు డిగ్రీల భేదము. మంచు జాడ లేదు, కరెంటు బాగున్నది. బయటి పెట్టె మూడవ అంతస్తు సజ్జమీద నున్నది. వదినె కొడుకు ఎక్కెదనన్నాడు, మేము వద్దంటిమి. మరునాడు సబ్బునీటి పెద్దమనిషి వచ్చి, నడుమునకు త్రాడు కట్టుకొని ఎక్కి, పెట్టె వెనుకనుండి దూదినూగును దుప్పటివలె ఒక్కతుంపుగా చుట్టి తీసినాడు. నీటిపంపుతో కడిగినాడు. గ్యాసు ఒత్తిడి చూచి, సరిగానున్నదన్నాడు; ఒక్క గ్రాము పోయలేదు. కడిగినందుకు 600 రూపాయలు. సాయంకాలము మరల కొలిచితిమి, పదునొకండు డిగ్రీలు. వదినె ఆ అంకెను, తేదీని బొగ్గుతో వంటయింటి తలుపు వెనుక వ్రాసినది, పాల లెక్క ప్రక్కన.